పన్నెండు దాకే

నిరుడు కూడా నా గొంతే.
మున్సిపాలిటీ వాళ్ళు పిలిపించి
"మాల్యాద్రీ, కొత్త సినిమా వస్తే చెప్తావే,
అట్టా చెప్పు" అన్నారు.
అట్టాగే చెప్పాను.
విడుదల, విడుదల అని అరిచి అరిచి అరిగిన నోటితో
మూత, మూత అని.
ఆ డబ్బులు ఇంకా సగం రావాలి.

ఈ ఏడు మళ్ళీ.
కాగితం మీద తేదీ మారింది.
ఆటో ఖాజావలిదే,
టాపు మీద సొట్టపడిన గరాటు మైకు అదే.
"కందుకూరు పట్టణ ప్రజలకు ముఖ్య గమనిక.
రేపటి నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకే..."

పోస్టాఫీసు సెంటర్లో
టీ గ్లాసులు కడిగే పిల్లోడు
మిగతాదంతా నాకంటే ముందే అప్పజెప్పేశాడు.
నిరుడు ఈ ఆటో చప్పుడుకే
పిల్లల్ని చంకనేసుకుని లోపలికి ఉరికారు,
గుమ్మాలకి వేపమండలు కట్టారు.
ఇప్పుడు ఎవరూ లేవలా.
అరుగు మీద పులిజూదం ఆడే ముసలాయన
పులిని ఒక గడి జరిపి అన్నాడు:
"వచ్చాడ్రా, మళ్ళీ మీ మామ."

మంగలి బ్రహ్మయ్య
ఒకాయన చెంప మీద సగం నురగ అట్టాగే వదిలేసి
రోడ్డు మీదకొచ్చి అడిగాడు:
"పన్నెండు దాటితే గడ్డాలు పెరగవంటనా?"
బట్టల కొట్టాయన షట్టరు కింద నుంచి వంగి,
"మొన్న మీటింగుకి లారీల్లో తోలారే జనాన్ని,
అప్పుడు నిద్రపోయిందా మీ జబ్బు?" అన్నాడు.
మీ జబ్బు.
నేనేదో ఇంట్లో పెంచుతున్నట్టు.

బ్యాండు మేళం ఏసోబు లెక్క వేరు.
"పెళ్ళికి ఇరవై మందేనంట గదా,
మా మేళమే పద్నాలుగు మందిమి.
పెళ్ళికొడుకుని బయట నిలబెట్టమంటావా?"
నవ్వాడు. నేనూ నవ్వాను.
ఖాజావలి నవ్వలా,
వాడి చెల్లెలి నిఖా వచ్చే శుక్రవారం.

వేలం కేంద్రం దగ్గర
పొగాకు గ్రేడింగుకి పోయే ఆడవాళ్ళు ఆటోకి అడ్డం నిలబడ్డారు.
జిగురు పట్టి నల్లబడిన చేతులు
మైకు వైపు చూపించి పెంచలమ్మ అంది:
"వేలం ఆపుతారు సరే,
ఆకు ఆగుద్దా నాయనా?
బూజు పడితే రైతు మమ్మల్ని తిడతాడు,
మేం నిన్ను తిడతాం,
నువ్వు ఎవర్ని తిడతావు?"
కాగితంలో వెతికాను.
ఆ ముక్క రాయలా.

అంకమ్మ గుడి వెనక సందులో మాత్రం
మిషను కుడుతున్న మస్తాన్‌బీ
కాలు ఆపి, దారం కొరికి,
తల ఎత్తకుండానే అంది:
"ఇంకొంచెం గట్టిగా చెప్పు మాల్యాద్రీ.
నిరుడు మా ఆయనకి ఇనపళ్ళా."
ఆ సందులో మూడుసార్లు తిరిగాం.
డీజిలు డబ్బులు ఎవరూ అడగలా.

అయిదో రోజు నాకు ఒళ్ళు కాలింది.
ఇడ్లీలో కారప్పొడి ఉందో లేదో తెలియలా.
వెనక గదిలో మంచం,
తలుపు కింద నుంచి జరిగొచ్చే పళ్ళెం,
కప్పుకి ఎన్ని రేకులో
ఎన్నిసార్లు లెక్కబెట్టినా పదకొండే.

ఖాజావలి పని ఆపలా.
పెన్‌డ్రైవులో నేనున్నాను గదా.

ఆ మధ్యాహ్నం మా సందులోకి వచ్చింది నా గొంతు.
దగ్గు లేదు, ఆయాసం లేదు,
ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నట్టుంది.
ఎంత బాగుండేవాడినో అనిపించింది.
వాకిట్లో అంట్లు తోముతున్న మా కామాక్షి
గబుక్కున లేచి
వీధి వైపు చూసింది,
నా కిటికీ వైపు చూసింది,
బూడిద చేతులతో మధ్యలో నిలబడి,
"ఏందయ్యా, పిలిచావా?" అంది.

నేను నోరు తెరిచేలోపే
వీధిలో నుంచి నేనే చెప్పాను:
బయటికి రావద్దు,
దగ్గరికి రావద్దు,
అంతా మీ మంచికే.